మూడు లక్షల సైకిలు కొనే ముందు

2025 ఏప్రిల్‌లో ఒక శనివారం రాత్రి తొమ్మిది దాటాక మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడికి రుషికొండ దగ్గర ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో ఉద్యోగం. మామూలుగా నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ రాత్రి మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతున్నాడు.

“మావయ్యా, రోడ్ బైక్ చూశాను. కార్బన్ ఫ్రేము, ఎలక్ట్రానిక్ గేర్లు. మూడు లక్షలకి రెండు వేలు తక్కువ. రేపు రాత్రితో ఆఫరు అయిపోతుందట. బుక్ చేసేస్తున్నాను, నీకో మాట చెబుదామని చేశాను.”

“సైకిలు ఆఖరిసారి ఎప్పుడు తొక్కావురా?” అని అడిగాను.

కాసేపు మాట లేదు. “ఇంటర్‌లో” అన్నాడు.

“అయితే ఇప్పుడే బుక్ చెయ్యకు. పొద్దున్న ఐదున్నరకి మా ఇంటికి రా” అని ఫోన్ పెట్టేశాను.

ఆ మర్నాటి నుంచి జరిగిందే ఇవాళ మీకు చెప్పాలనుకుంటున్నాను. ఖరీదైన సైకిలు కొనవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. మంచి సైకిలు మనిషికి ఎంత సంతోషం ఇస్తుందో నాకు తెలుసు. పదేళ్ల పైబడి విశాఖ బీచ్ రోడ్డు మీద దాన్ని అనుభవిస్తున్నవాణ్ణి. అందుకే ఆ సంతోషం చేతికందీ చేజారిపోతుంటే ఊరుకోలేను. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో సైకిళ్ల కోసం జనం దుకాణాల ముందు పేర్లు రాయించుకుని వారాల తరబడి ఎదురుచూశారు. అప్పుడు కొన్న మంచి మంచి సైకిళ్లు ఎన్నో ఇవాళ అపార్టుమెంటు సెల్లార్లలో గాలి పోయి, చైను తుప్పుపట్టి, గోడకు ఆని నిలబడి ఉన్నాయి. వాటిలో లోపమేమీ లేదు. కొన్న మనిషికీ, తొక్కే దారికీ, ఆ సైకిలుకూ పొత్తు కుదరలేదు, అంతే.

రోడ్ బైక్ అంటే ఏమిటో తెలియని శ్రోతల కోసం రెండు మాటలు. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంపు తిరిగిన హ్యాండిలు, సన్నటి టైర్లు, చురుగ్గా పరిగెత్తే చక్రాలు. మన నాన్నల కాలపు నల్ల సైకిలు ఇంచుమించు 20 కిలోలు తూగితే, ఇది ఎనిమిది నుంచి పదకొండు కిలోల మధ్య ఉంటుంది. స్టాండు ఉండదు, కేరేజీ ఉండదు, మడ్‌గార్డులు ఉండవు. బాగా ఖరీదైనవాటికి చాలాసార్లు పెడళ్లు కూడా ఉండవు. తొక్కేవాళ్లు తమ బూట్లకు బిగిసే పెడళ్లను ఎవరికి వారు విడిగా కొనుక్కుంటారు కాబట్టి కంపెనీవాళ్లు ఇవ్వరు. ధర ముప్పై నలభై వేల దగ్గర మొదలై పది లక్షలు దాటేదాకా ఉంది. అంటే అడుగునున్నదానికీ పైనున్నదానికీ మధ్య ఒక కారు ధర తేడా. ఆ తేడాలో మనకు పనికొచ్చేది ఎంత, పనికిరానిది ఎంత అన్నదే తేల్చుకోవలసింది.

ఆదివారం తెల్లవారుజామున మా వాడు వచ్చాడు. నా అల్యూమినియం సైకిలు వాడికి ఇచ్చి, మా స్నేహితుడి దగ్గర ఒకటి తెచ్చుకుని నేనెక్కాను. ఆర్కే బీచ్ నుంచి కురుసుర సబ్‌మెరైన్ దాటి, కైలాసగిరి కింద నుంచి రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట మీదుగా భీమిలి. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి. వెళ్లేటప్పుడు వాడు నాకు అందలేదు. ముందుకెళ్లి వెనక్కి తిరిగి, “ముప్పై దాటింది మావయ్యా!” అని అరుస్తున్నాడు. భీమిలిలో ఇడ్లీలు తిని ఎనిమిది గంటలకు తిరుగుముఖం పట్టాం. నాలుగు కిలోమీటర్లు వచ్చేసరికి వాడి వేగం పద్దెనిమిదికి దిగిపోయింది. అదే సైకిలు, అదే మనిషి, అదే రోడ్డు.

విశాఖలో వేసవి గాలి నైరుతి నుంచి వీస్తుంది. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. కాబట్టి భీమిలి వెళ్లేటప్పుడు గాలి వీపును నెడుతుంది, వచ్చేటప్పుడు గుండెకు అడ్డం నిలబడుతుంది. ఆ రోజు గాలి గంటకు పది కిలోమీటర్లనుకోండి. ముప్పై వేగంతో వెళుతున్నప్పుడు మా వాడి ఒంటికి తగిలిన గాలి వేగం ఇరవయ్యే. పద్దెనిమిదితో తిరిగి వస్తున్నప్పుడు తగిలింది ఇరవై ఎనిమిది. గాలి అడ్డు దాని వేగానికి వర్గంలో పెరుగుతుంది. అంటే ఎదురుగాలిలో వాడి మీద పడ్డ బరువు దాదాపు రెట్టింపు. చదును రోడ్డు మీద కాస్త వేగం అందుకున్నాక మన బలంలో సింహభాగం గాలిని చీల్చడానికే పోతుంది. ఆ గాలికి ఎక్కువగా అడ్డు తగిలేది సైకిలు కాదు, దాని మీద కూర్చున్న మనిషి ఒళ్లు.

ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం ప్రకటనలు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి. ఒళ్లు వంచి, మోచేతులు మడిచి, గంటసేపు హాయిగా కూర్చోగలిగితే వచ్చే లాభం, ఫ్రేములో ఒక కిలో తగ్గితే రాదు. కానీ అలా వంగి కూర్చోవడానికి వీపూ మెడా ఒప్పుకోవాలి. పందెం సైకిళ్లకు హ్యాండిలు బాగా కిందికి ఉంటుంది. రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలో కూర్చునే మనిషి వీపు దానికి ఒక్కరోజులో ఒప్పుకోదు. మా వాడు కింది వంపు పట్టుకుని పది నిమిషాలు నడిపి, మెడ పట్టేసిందని చేతులు పైకి తీసేశాడు. వాడు కొనబోయినది మా సైకిలు కంటే ఇంకా కిందికి వంచే సైకిలు.

ఇక బరువు. అమ్మేవాళ్లు మొదట మన చేత ఎత్తించి చూపించేది దీన్నే. రెండు వేళ్లతో సైకిలు పైకి లేస్తే ఎవరికైనా మనసవుతుంది. కాగితం మీద లెక్క వేద్దామని ఇంటికొచ్చాక వాణ్ణి కూర్చోబెట్టాను. కైలాసగిరి ఎక్కుతున్నామనుకోండి. మనిషి 72 కిలోలు, సైకిలు 10 కిలోలు, మొత్తం 82. కొండ కింద నుంచి పైకి పన్నెండు నిమిషాలు పట్టిందనుకుందాం. ఇప్పుడు లక్షన్నర ఎక్కువ పెట్టి ఎనిమిది కిలోల సైకిలు కొన్నాం. మొత్తం బరువు 80. తగ్గింది వందకు రెండున్నర పాలు కూడా కాదు. పన్నెండు నిమిషాల్లో మిగిలేది మహా అయితే పదిహేడు సెకన్లు. చదును రోడ్డు మీద ఆ మాత్రం కూడా మిగలదు. అంతర్జాతీయ సైక్లింగ్ సంస్థ యూసీఐ నిబంధన ప్రకారం టూర్ ద ఫ్రాన్స్‌లో తొక్కేవాళ్ల సైకిలు కూడా 6.8 కిలోలకు తగ్గకూడదు. పందెంలో ఆ పదిహేడు సెకన్లతో గెలుపోటములు తేలిపోతాయి. వాళ్లకది కావాలి. ఆదివారం పొద్దున్న కొండెక్కి సముద్రం చూసి దిగేవాళ్లకు ఆ సెకన్లు దేనికి?

మరి డబ్బు దేనిమీద పెట్టాలి? సైజు మీద. అసలు మొదటి మాట ఇదే కావలసింది. నా అనుభవం చెబుతాను వినండి.

2016 డిసెంబరులో నేను మొదటి మంచి రోడ్ బైక్ కొన్నాను. పాత మోడలు, మూడో వంతు తగ్గింపు. నా ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. నాకు ఫ్రేము సైజు 52 గానీ 54 గానీ సరిపోతుంది. దుకాణంలో మిగిలినది 56. “హ్యాండిలును పట్టి ఉంచే స్టెమ్ పొట్టిది వేస్తే సరిపోతుంది సార్” అన్నారు. సైకిలు మెరిసిపోతోంది, ధర అందుబాటులోకి వచ్చింది, నేను సరేనన్నాను. నెల తిరగకుండానే ముప్పై కిలోమీటర్లు దాటితే చిటికెన వేలూ ఉంగరం వేలూ మొద్దుబారడం మొదలైంది. చేతులు ముందుకు చాచి హ్యాండిలు మీద బరువంతా మోపుతున్నాను కాబట్టి అరచేతి అంచున నరం నలుగుతోంది. స్టెమ్ మార్చాను, సీటు ముందుకు జరిపాను. సీటు ముందుకు జరిపితే మోకాలు నొప్పి మొదలైంది. పద్నాలుగు నెలలు దానితో పెనుగులాడి, కొన్న ధరలో సగానికి కాస్త పైగా వస్తే అమ్మేశాను. మంచి సైకిలది. కొన్నాయన ఆరడుగుల మనిషి, ఇప్పటికీ హాయిగా తొక్కుతున్నాడు. చక్రాలు మార్చుకోవచ్చు, గేర్లు మార్చుకోవచ్చు, సీటు మార్చుకోవచ్చు. ఫ్రేము సైజు మార్చుకోలేం.

అందుకని కొనే ముందు కొలత తీసుకోవాలి. గోడకు ఆని చెప్పులు లేకుండా నిలబడండి. అట్ట గట్టిగా ఉన్న పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తిడి ఉంటుందో అంత ఒత్తిడితో పైకి నొక్కిపట్టండి. పుస్తకం పై అంచు నుంచి నేలదాకా ఇంకొకరి చేత కొలిపించండి. టూర్ ద ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో ఒక లెక్క ప్రచారంలో ఉంది. ఆ కొలతను 0.883తో గుణిస్తే, పెడళ్లు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగానికి ఉండవలసిన ఎత్తు వస్తుంది. మా వాడి కొలత 80 సెంటీమీటర్లు. లెక్క 70.6కు వచ్చింది. అది మొదలుపెట్టడానికి మాత్రమే, అక్కడి నుంచి ఒళ్లు చెప్పినదాన్ని బట్టి అర సెంటీమీటరు అటూ ఇటూ చూసుకోవాలి. ఒక కంపెనీ 54 ఇంకో కంపెనీ 54 ఒకటి కావు. అందుకని ప్రతి సైకిలు కొలతల పట్టికలోనూ స్టాక్, రీచ్ అనే రెండు అంకెలు చూడండి. మొదటిది హ్యాండిలు వైపు ఫ్రేము ఎంత ఎత్తో, రెండోది ఎంత దూరమో చెబుతుంది. నచ్చినవాటి అంకెలు ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుంటే, ఏది మిమ్మల్ని వంచేస్తుందో, ఏది కాస్త నిటారుగా కూర్చోనిస్తుందో సైకిలు ఎక్కకుండానే కొంత తెలుస్తుంది. కొలతలు తీసి అమర్చిపెట్టే ఫిట్టింగు నిపుణులు పెద్ద ఊళ్లలో ఉన్నారు. నాలుగైదు వేలు తీసుకున్నా, ఆ ఖర్చు సైకిలు కొన్నాక కంటే కొనకముందు పెట్టడమే తెలివి.

మూడో ఆదివారం మా వాడు నా సైకిలు మీద ఒక్కడే వెళ్లాడు. ఏడున్నరకు ఫోన్. మంగమారిపేట దగ్గర వెనక టైరు పంక్చరు. రోడ్డు పక్కనే పంక్చర్ షాపు ఉంది కానీ పని అవడం లేదన్నాడు. స్కూటరేసుకుని వెళ్లాను. తాటాకు పందిరి కింద ఒక పెద్దాయన. అప్పటికే ట్యూబు తీసి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ వచ్చిన చోట ఉప్పుకాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి అతుకు వేసేశారు. అతుకు చూస్తే అచ్చు కంపెనీలో వేసినట్టుంది. చిక్కు గాలి దగ్గర వచ్చింది. మన మామూలు సైకిలు ట్యూబు వాల్వు లావుగా ఉంటుంది. రోడ్ బైకులకు వచ్చేది ప్రెస్టా వాల్వు, పెన్సిల్ కంటే సన్నం. కొసన ఇత్తడి మర ఒకటి ఉంటుంది, దాన్ని విప్పితే గానీ గాలి లోపలికి పోదు.

“ఏటి బాబూ ఇది, సూదిలాగున్నాది. నా పంపు పట్టట్లేదు” అన్నారాయన, రెండు వేళ్ల మధ్య దాన్ని తిప్పి చూస్తూ.

చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టరు దానికి బిగిస్తే మామూలు పంపు కూడా పడుతుంది. పదుల రూపాయల్లో దొరుకుతుంది. నా జేబులో ఉన్నది ఆయనకే ఇచ్చేశాను. అందులో ఇంకో సంగతి కూడా ఉంది. కారు టైరులో గాలి 32, 33 పీఎస్‌ఐ ఉంటే చాలు. 28 మిల్లీమీటర్ల ఈ సన్నటి టైరుకు 75 దాకా కావాలి. వేళ్లతో నొక్కి చూసి చాలనుకుంటే, గుంతలో పడగానే ట్యూబు రిమ్ముకీ గుంత అంచుకీ మధ్య నలిగి పాము కాటేసినట్టు రెండు చిల్లులు పడతాయి. కాబట్టి మీటరున్న పంపు ఇంట్లో, చిన్న పంపు సైకిలు మీద ఉండవలసిందే.

కొనేవాళ్లు ఎవరూ అడగనిది, నేను అందరి చేతా అడిగించేది ఒకటుంది. ఈ ఫ్రేములో ఎంత లావు టైరు పడుతుంది? పదిహేనేళ్ల కింద పందేలలో అందరిదీ 23 మిల్లీమీటర్ల టైరే. సన్నగా, రాయిలా గట్టిగా ఉంటేనే వేగం అనుకునేవారు. గరుకు రోడ్డు మీద మరీ గట్టి టైరు ఎగిరెగిరి పడుతూ బలాన్ని వృథా చేస్తుందని తెలిశాక, ఐరోపాలో పందెగాళ్లే 28కి, ఇంకా పైకి వచ్చారు. వాళ్ల రోడ్లకే అది కావలసి వస్తే మన రోడ్ల సంగతి చెప్పాలా? వానాకాలం తర్వాత మధురవాడ నుంచి ఆనందపురం వైపు ఒకసారి వెళ్లి రండి, అరచేతులే చెబుతాయి. 32 మిల్లీమీటర్లు పట్టే ఫ్రేము కొనుక్కుంటే, సైకిలు ఎంత చవకదైనా చేతులకూ నడుముకూ సుఖం. 25 దాటి పట్టని ఫ్రేము మూడు లక్షలదైనా మన దారులకు వద్దంటాను.

గేర్ల గురించి అందరూ ఎన్ని అని అడుగుతారు. గేర్లు చేసే షిమానో కంపెనీ రకాలే చూస్తే, వెనక పళ్లచక్రాలు క్లారిస్ ఎనిమిది, సోరా తొమ్మిది, టియాగ్రా పది, ఆ పైన 105, అల్టెగ్రా, డ్యూరా ఏస్ ఇప్పుడు పన్నెండు. మెట్టు పెరిగేకొద్దీ మార్పు నున్నగా ఉంటుంది, బరువు తగ్గుతుంది, ధర ఎగబాకుతుంది. కానీ ఘాట్ రోడ్డెక్కేటప్పుడు కావలసింది అన్నిటికంటే తేలిక గేరు ఎంత తేలిక అన్నది. ముందు చిన్న పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికీ 34 ఉంటే, పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు చక్రం ఒక చుట్టు తిరిగి సైకిలు 2.1 మీటర్లు కదులుతుంది. పందెం సైకిలు మీద ముందు 36, వెనక 28 ఉంటే అదే చుట్టుకు 2.7 మీటర్లు. అరకు ఘాటులో అనంతగిరి వైపు ఎక్కుతున్నప్పుడు ఆ అరవై సెంటీమీటర్లే మోకాళ్లను కాపాడేవీ, చంపేవీ. మా వాడు బుక్ చేయబోయిన సైకిలు వివరాలు తీసి చూస్తే రెండో రకం. ఎలక్ట్రానిక్ గేర్లు మీట నొక్కగానే పడతాయి, నిజమే. బ్యాటరీ అయిపోతే గేరు మారదు, ఏదైనా విరిగితే ఊళ్లో దొరక్క తెప్పించుకునేదాకా ఎదురుచూడాలి. ఆదివారం సైకిలుకు తీగతో నడిచే గేర్లే నా ఓటు.

కార్బన్ గురించి తూచి మాట్లాడాలి. సన్నటి పీచుల్ని జిగురుతో పొరలు పొరలుగా అతికించి చేసే ఫ్రేము అది. తేలిక, బలం, రోడ్డు అదురును మింగే గుణం అన్నీ ఉన్నాయి. 1986లో లెమాండ్ కార్బన్ ఫ్రేము మీదే టూర్ గెలిచాడు. కానీ సైకిలు పడిపోయి రాయికి తగిలితే ఇనుము సొట్టపోతుంది, చూస్తే తెలుస్తుంది. కార్బన్ పైకి నున్నగానే ఉండి లోపల పొరలు విడిపోవచ్చు. వారంటీ చాలా కంపెనీలు మొదట కొన్నవారికే ఇస్తాయి. అందుకే కార్బన్ సైకిలు సెకండ్‌హ్యాండులో కొంటానన్నవాళ్లను, చూసి చెప్పగల మనిషి పక్కన లేకుండా అడుగు వేయవద్దంటాను. అల్యూమినియం ఫ్రేముకు ముందు ఫోర్కు మాత్రం కార్బన్‌ది ఉన్న సైకిళ్లు వస్తున్నాయి. మధ్యతరగతి కుటుంబానికి ఇప్పుడున్నవాటిలో అదే సరైన బేరమని నా నమ్మకం.

సముద్రపు ఊళ్లవాళ్లకు ఇంకో ఖర్చు ఉంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, ఎక్కడైనా ఉప్పుగాలి చైనును పదిరోజుల్లో ఎర్రగా చేస్తుంది. అల్యూమినియంలోకి బిగించిన ఇనుప బోల్టులు కరుచుకుపోయి ఊడిరావు. తొక్కి వచ్చాక తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, చైనుకు లంకెకొక చుక్క నూనె వేసి, పైకి కనిపించే నూనెను తుడిచేయాలి. పావుగంట పని. ఆ పావుగంట పెట్టలేనివాళ్లకు మూడు లక్షల సైకిలూ ముప్పై వేల సైకిలూ రెండేళ్లలో ఒకటే అవుతాయి.

మా తాతగారు అలమండ సంతకు ఎడ్లు కొనడానికి వెళ్లేవారు. చిన్నప్పుడు రెండుసార్లు నన్నూ తీసుకెళ్లారు. ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టేవారు, రెండు పళ్లదా, నాలుగా, ఆరా అని. ఒంటి మీద సుళ్లు వెతికేవారు. గిట్టలు ఎత్తి చూసేవారు. అంతా అయ్యాక బండికి కట్టి నాలుగు బారలు నడిపించకుండా, బేరానికి తువ్వాలు కింద చెయ్యి కలిపేవారు కాదు. ఎద్దు నచ్చితే పొద్దుగూకేవరకూ సంతలోనే కూర్చునేవారు, నచ్చకపోతే ఖాళీ చేతులతో వచ్చేసేవారు. “ఇంటికొచ్చాక అది మనతో పదేళ్లుండాలిరా” అనేవారు. సైకిలు పాతది కొన్నా కొత్తది కొన్నా నేను ఆ పద్ధతే పాటిస్తాను. పాతదైతే అడుగు స్కేలు ఒకటి పట్టుకెళ్తాను. చైను కొత్తగా ఉన్నప్పుడు మేకు నుంచి మేకుకు అర అంగుళం. అంటే 24 లంకెలు కచ్చితంగా 12 అంగుళాలు. కొలిస్తే ఆ మీద అంగుళంలో పదహారో వంతు సాగి ఉంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు సాగి ఉంటే వెనక పళ్లచక్రాలు కూడా అరిగాయని అర్థం. ఆ ఖర్చు బేరంలో తగ్గించాల్సిందే. కొత్తదైతే గంటసేపు తొక్కనివ్వమని అడుగుతాను. దుకాణం ముందు రెండు చుట్లు తిరిగితే ఏ సైకిలైనా బాగానే ఉంటుంది. నడుము మాట్లాడేది నలభయ్యో నిమిషం తర్వాతే. తొక్కనివ్వకపోతే అదే సైకిలున్న మనిషి ఊళ్లో ఎవరో ఒకరుంటారు. సైకిలు తొక్కేవాళ్లు మంచివాళ్లు, అడిగితే ఒక పొద్దుటికి ఇస్తారు.

సైకిలు కొనే ముందు మా వాడికి నేను పెట్టిన గడువు మూడు నెలలు. ఆఫరు పోయిందని రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. ఆ ఆఫరు జూన్‌లో ఇంకో పేరుతో మళ్లీ వచ్చింది. వాడికి ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చాను. తొక్కిన ప్రతిసారీ తేదీ, ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడ నొప్పి, ఏది లేక ఇబ్బంది పడ్డాడు, అంతే రాయమన్నాను. జులై ఆఖరుకు తెచ్చి చూపించాడు. 26 సార్లు తొక్కాడు, మొత్తం 940 కిలోమీటర్లు. వేగం చాలలేదని రాసింది రెండే చోట్ల. చేతులు అదిరాయి, రోడ్డు బాగాలేదు అని పదకొండు చోట్ల. ఎక్కలేక దిగి నడిచాను అని ఐదు చోట్ల. రెండో నీళ్ల సీసా పెట్టే చోటు లేదని నాలుగుసార్లు. వాడికి ఏ సైకిలు కావాలో నోటుబుక్కే చెప్పేసింది.

దూరాలు తొక్కాలన్న ఆశ కూడా ఆ నెలల్లోనే పుట్టింది. బీఆర్‌ఎం అని ఒక పద్ధతి ఉంది. పందెం కాదు, గడువు లోపల దూరం పూర్తి చేయాలి, అంతే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు. 1200 కిలోమీటర్లకు 90 గంటలు. నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్‌కు మన దేశం నుంచి వెళ్లేవాళ్లు ఇలాగే ఒక్కో మెట్టూ ఎక్కి వెళతారు. పదమూడున్నర గంటల్లో 200 అంటే, ఆగి తిన్న సమయం కూడా కలుపుకుని గంటకు 15 కిలోమీటర్లు కూడా కాదు. దానికి వేగం కంటే సీటు మీద పొద్దంతా కూర్చోగలగడం ముఖ్యం.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మా వాడు అక్టోబరులో కొన్నాడు. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు, సైజు 54, టైర్లు 32 మిల్లీమీటర్లు, డిస్కు బ్రేకులు, తీగ గేర్లు వెనక పది, ముందూ వెనకా 34 పళ్లు. బిల్లు 91 వేలు. హెల్మెట్, లైట్లు, మీటరు పంపు, చిన్న పంపు, బూట్లు, రెండు ట్యూబులు కలిపి ఇంకో 17 వేలు. మిగిలిన డబ్బుతో వాళ్ల అమ్మను కాశీ తీసుకెళ్లొచ్చాడు. జనవరిలో తన మొదటి 200 కిలోమీటర్లు పదకొండు గంటల నలభై నిమిషాల్లో పూర్తిచేశాడు.

మీలో ఎవరైనా ఇప్పుడు అలాంటి సైకిలు కొనాలన్న ఆలోచనలో ఉంటే, ఒక నోటుబుక్కు కొనండి. సెల్లారులో ఉన్న పాత సైకిలుకు గాలి కొట్టించి, రాబోయే ఆదివారం పొద్దున్న ఒక గంట తొక్కి వచ్చి, మొదటి పేజీ రాయండి. దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం మీ చేతిలో ఉండనివ్వండి.